ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు

కళింగరేవు మునిసిపల్ ఈతకొలనులో ఏనాడూ ఎవరూ మునిగిపోలేదు. అందులో సిబ్బంది గొప్పతనం ఏమీ లేదు, నీళ్లే అంతంత మాత్రం. ఒక చివర మొలలోతు, రెండో చివర గెడ్డం దాకా. కాలుజారినవాడు లేచి నిలబడితే చాలు, బతికిపోతాడు. ఊళ్లోవాళ్లు దాన్ని "పెద్ద తొట్టి" అనేవారు.

ఆ తొట్టి అంటే కండక్టర్ వరహాలమ్మకి ప్రాణం. ఏళ్ల తరబడి కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టీ కొట్టీ ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మాత్రలు మింగింది, నూనెలు రాసింది, మొక్కులు మొక్కింది. చివరికి డాక్టరు నీళ్లలో నడవమన్నాడు. నడవడానికి వెళ్లిన మనిషి ఈత కూడా నేర్చేసుకుంది. పొద్దున్న ఒక గంట నీళ్లలో ఉంటేనే మధ్యాహ్నం డ్యూటీకి కాళ్లు ముందుకి పడతాయి. ఆ గంటసేపూ నొప్పి అనేది ఒకటుందని కూడా గుర్తుండదు. అందుకని కొలను వాళ్లిచ్చిన కార్డుని ఆవిడ పసుపు కుంకుమల పక్కన పెట్టి దాచుకునేది.

అంతా సవ్యంగా జరిగిపోతున్న రోజుల్లో మునిసిపల్ కమిషనర్ ముక్తేశ్వర్ గారు సెలవు పెట్టి అండమాన్ వెళ్లారు.

కమిషనర్ మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే సెలవుల్లో కూడా ఊరి బాగు గురించి ఆలోచించి ఉండేవాడు కాదు. అక్కడ ఆయన వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగారు, రంగురంగుల చేపల్ని చూశారు, పరవశించిపోయారు. దిగేముందు చేతికి ఒక గడియారం కట్టారు. ఎంత లోతులో ఉన్నావు, ఎంతసేపటి నుంచి ఉన్నావు, పైకి మరీ తొందరగా వచ్చేస్తున్నావా, అన్నీ అదే చెబుతుంది. లోతున సిలిండరు గాలి పీల్చినవాడు గబుక్కున పైకి వచ్చేస్తే ఒంట్లో బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది కనుక, పైకి వచ్చేదారిలో ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగమంటుంది. "ఇది సాయం మాత్రమే సార్. ముందు దీని వాడకం పూర్తిగా తెలుసుకోవాలి, పక్కన తోడు మనిషి ఉండి తీరాలి" అని అక్కడి శిక్షకుడు చెప్పాడు కూడా. అతను చెబుతున్నప్పుడు కమిషనర్ గారు గడియారంతో సెల్ఫీ తీసుకుంటున్నారు.

ఊరికి తిరిగొచ్చాక ఆయనకి నిద్ర పట్టలేదు. తన ఊరి ప్రజలు గడియారాలు లేకుండా నీళ్లలో దిగుతున్నారు! వారం తిరక్కుండా పెట్టెల్లో గడియారాలు దిగాయి. కొలను గోడకి ఉత్తర్వు అంటించారు.

"ప్రజల ప్రాణరక్షణే పరమావధిగా, జలావరోహణ చేయు ప్రతి వ్యక్తియు సదరు గడియారమును ధరించి, సదరు గడియారపు ఆదేశములను తు.చ. తప్పక పాటించవలెను. మూడు మెమోలు పొందినవారి కార్డు శాశ్వతముగా రద్దు చేయబడును."

ఉత్తర్వు అమలు చేసే బాధ్యత సూపరింటెండెంట్ భానుమూర్తిది. ఆయనకి ఈత రాదు. నీళ్లంటే భయం కూడా. అంచుకి నాలుగు బారల దూరంలో కుర్చీ వేసుకుని అక్కణ్ణించే కొలనుని పాలించేవాడు. ఫైలు మాత్రం ఆయన ఈదినట్టు మరొకరు ఈదలేరు.

మొదటిరోజునే పేచీ వచ్చింది. నీళ్లు ఉప్పునీళ్లా, మంచినీళ్లా అన్నది ఆ గడియారానికి ముందుగా చెప్పాలి. కమిషనర్ గారు అండమాన్ నుంచి తెచ్చుకున్నది సముద్రంలో వాడింది కనుక ఉప్పునీరు అని ఉంది. దాన్ని చూసి మిగతావన్నీ అలాగే పెట్టేశారు.

వరహాలమ్మ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మన నీళ్లు సప్పగానే ఉన్నాయి కదేటి బాబూ? మరి దీంట్లో ఉప్పని ఎందుకున్నాది?" అంది.

భానుమూర్తి కళ్లజోడు సవరించుకున్నాడు. "నిజమేనమ్మా. కానీ అది కమిషనర్ గారు ఆమోదించిన సెట్టింగు. దాన్ని మార్చే అధికారం నాకు లేదు."

"మరేటి సేద్దారి?"

"నీళ్లు మార్చే అధికారం ఉంది."

మధ్యాహ్నానికల్లా ఉప్పు బస్తాలు వచ్చాయి. లైఫ్‌గార్డు దానయ్య కొలను చుట్టూ తిరుగుతూ, పప్పులో వేసినట్టు ఉప్పు వేశాడు. మర్నాడు ఈతగాళ్లందరూ కళ్లు మండి ఏడ్చుకుంటూ బయటికి వచ్చారు. రుచి మాత్రం సెట్టింగుకి సరిపోయింది.

తర్వాత చేతుల గొడవ మొదలైంది. ఈదేటప్పుడు చెయ్యి నీళ్లపైకి ఎత్తగానే గడియారం కూత పెట్టేది. చేతికున్న గడియారం పైకి వచ్చిందంటే దాని లెక్కలో మనిషి పైకి వచ్చినట్టే. గడియారానికి కళ్లేమైనా ఉన్నాయా పాపం. "చేతులు బయటికి తీయరాదు" అని ఇంకో ఉత్తర్వు వచ్చింది. అప్పట్నించి కళింగరేవు పెద్దమనుషులందరూ తలలు మాత్రం పైకెత్తి, నీళ్ల కింద చేతులు ఆడిస్తూ కుక్క ఈత ఈదసాగారు. ఒకరికొకరు ఎదురుపడితే సిగ్గుపడి మొహాలు తిప్పుకునేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం ఒక ఎత్తు. ఎంత వెతికినా కొలనులో ఐదు మీటర్ల లోతు దొరకలేదు. ఆగనిదే పైకి రాకూడదు, ఆగడానికి చోటు లేదు. ఆ లెక్కన మొదటి బ్యాచ్ నీళ్లలోంచి ఇంక ఎప్పటికీ బయటికి రాకూడదు. వాళ్లు నానిపోతూ ఉండగా భానుమూర్తి కుర్చీలో కళ్లు మూసుకుని ఆలోచించాడు. తెరిచేసరికి దారి దొరికింది.

"లోతు లేకపోయినా దూరం ఉంది. మెట్లకి ఐదు మీటర్ల దూరంలో మూడు నిమిషాలు కదలకుండా నిలబడండి. నిబంధన స్ఫూర్తి నెరవేరుతుంది."

అందరూ మెట్లకి ఐదు మీటర్ల దూరంలో, మొలలోతు నీళ్లలో, తలలు వంచుకుని నిలబడ్డారు. కాంపౌండు గోడ పక్కనుంచి వెళ్తున్న ఒకాయన అది చూసి సైకిలు దిగి, చెప్పులు విడిచి, తానూ తల వంచుకుని నిలబడ్డాడు. మూడు నిమిషాలూ అయ్యాక, "పోయినవారు ఎవరండీ?" అని మెల్లగా అడిగాడు.

వరహాలమ్మకి నవ్వు ఆగలేదు. అది ఆవిడ మొదటి మెమో: "భద్రతా విరామ సమయమున హాస్యము." రెండోది ఒకరోజు డ్యూటీకి వేళైపోతోందని మూడు నిమిషాలూ ఆగకుండా మెట్లెక్కేసినందుకు. ఇంకొకటి వస్తే కార్డు పోతుంది. కార్డు పోతే కాళ్లు పోయినట్టే. ఆ రాత్రి వరహాలమ్మ నిజంగానే భయపడింది. రేపణ్ణించి నోరు మూసుకుని ఉండాలని ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు నిలబెట్టుకోవడం మాత్రం అంత తేలిక కాలేదు. కొన్నాళ్లకి గడియారం మీద అడ్డగీత కొట్టిన విమానం బొమ్మ కనిపించింది. లోతుకి దిగి వచ్చినవాళ్లు ఒక రోజు పాటు విమానం ఎక్కకూడదని, ఎత్తైన చోట్లకి పోకూడదని దాని అర్థం. గెడ్డం దాకా నీళ్లలో కుక్క ఈత ఈదినవాళ్లకి అది వర్తించదు. కానీ వర్తించదని భానుమూర్తికి రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు.

"ఎత్తు అంటే ఎంత ఎత్తో నిర్వచనం లేదు. కాబట్టి నేలమట్టానికి మించినదంతా ఎత్తే" అని ఆయన తేల్చాడు.

బట్టలు మార్చుకునే గది ఆరు మెట్ల పైన ఉంది. అక్కడ కట్టిన తాడుకి బుట్ట వేలాడదీసి అందరి బట్టలూ కిందికి దించారు. ఒకరి లుంగీ ఒకరికి, ఇంకొకరి చొక్కా మరొకరికి చేరాయి. కమిషనర్ గారు స్వయంగా నిబంధన పాటించి, రెండో అంతస్తులోని తన గది మానేసి, సైకిల్ స్టాండులో బల్ల వేయించుకుని ఫైళ్లు చూడసాగారు. ప్రజలకి మాత్రం అది బాగా నచ్చింది. అర్జీ ఇవ్వడానికి మెట్లెక్కే బాధ తప్పింది.

వరహాలమ్మ బయల్దేరుతుంటే భానుమూర్తి ఆపాడు. "మీరు ఇప్పుడు ఎక్కడికమ్మా?"

"డ్యూటీకి బాబూ. బస్సు కాడికి."

"బస్సుకి మెట్లు ఉన్నాయా?"

"మెట్లు నేని బస్సు ఉంటాదేటి?"

"అయితే ఎక్కకూడదు."

వరహాలమ్మ నోటిదాకా వచ్చిన మాటని మింగింది. మూడో మెమో కళ్ల ముందు కదిలింది. "అలగేనండి బాబూ, బస్సెనకాల్నించి పరిగెట్టుకుంటూ టికెట్లు కొట్టీస్తాను" అంది వినయంగా. భానుమూర్తి దాన్ని ఒప్పుకోలు కింద నమోదు చేసుకున్నాడు.

ఆ తర్వాత చేసిన మార్పు మాత్రం నవ్వే సంగతి కాదు. గడియారాలన్నీ ఒక గదిలోని తెరకి కబురు పంపేలా ఏర్పాటు చేశారు. కొలను అంచున ఎత్తు కుర్చీలో కూర్చునే దానయ్యని దింపి ఆ గదిలో పెట్టారు. తెర గోడకి ఉంది గనుక దానయ్య వీపు నీళ్లవైపు వచ్చింది. తెర మీద పచ్చగా ఉంటే క్షేమం, ఎర్రగా ఉంటే ప్రమాదం.

"నీ కళ్లతో నువ్వు చూస్తే అది నీ అభిప్రాయం. తెర మీద చూస్తే అది సమాచారం. మనకి సమాచారం కావాలి" అని భానుమూర్తి దానయ్యకి బోధించాడు.

దానయ్య బయటికి వచ్చి వరహాలమ్మతో, "నాకేటీ పాలుపోట్లేదప్పా. మీరు నీళ్లల్లో ఉంటారు, నాను గోడకేసి సూస్తంటాను" అన్నాడు దిగులుగా.

"ఈ తొట్టిలో ఏటవుతాదిలే తమ్మీ. జారితే నిలబడీడమే" అంది వరహాలమ్మ. ఆ మాట నిజమే. తొట్టిలో ఉన్నంతకాలమూ నిజమే.

తొట్టిలో ఉండనిచ్చారా? లెక్కల తనిఖీకి వచ్చినవాళ్లు ఒక ప్రశ్న వేశారు. అంత లోతుకి పనికొచ్చే గడియారాలని గెడ్డం దాకా నీళ్లలో ఎందుకు వాడుతున్నారు? కమిషనర్ గారు భానుమూర్తిని పిలిపించారు. కొలను తవ్విద్దామంటే అడుగున బండ. గడియారాలు వెనక్కి పంపుదామంటే పరువు. భానుమూర్తి మళ్లీ కళ్లు మూసుకుని తెరిచాడు.

"లోతు మన దగ్గరికి రాకపోతే మనమే లోతు దగ్గరికి పోవాలి సార్."

అలా "సాగర జలభద్రతా దినోత్సవం" ఏర్పాటైంది. చేపల రేవు వెనక, పడవలు కట్టుకునే చోట, సముద్రం పాయలాగా లోపలికి వచ్చి అద్దంలా నిశ్చలంగా ఉంటుంది. చూడ్డానికి చెరువులాగే ఉంటుంది గానీ ఒడ్డునుంచి పది అడుగులు వేస్తే కాలికి నేల అందదు. అక్కడ షామియానా వేశారు, మైకు కట్టారు, అరటిచెట్లు పాతారు. షామియానాలో తెర పెట్టి, దాని ముందు, నీళ్లకి వీపు పెట్టించి, దానయ్యని కూర్చోబెట్టారు.

వరహాలమ్మ ఒడ్డంతా కలియజూసింది. "తాడేదీ? పడవేదీ? ఎవులికైనా ఏటైనా అయితే?"

"గడియారం ఉంది కదమ్మా" అన్నాడు భానుమూర్తి.

"మీరు మరోలా అనుకోకండి బాబూ. గడియారం నీళ్లలోకి దూకీగలదేటి?"

"మీకు ఇప్పటికే రెండు మెమోలున్నాయి" అన్నాడాయన మెత్తగా. వరహాలమ్మ పడవల దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని అడిగి, గాలి కొట్టిన లారీ ట్యూబు ఒకటి తెచ్చి పక్కన పెట్టుకుంది. దాని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

ప్రజలకి ధైర్యం కలగాలని కమిషనర్ గారే ముందు దిగారు. నాలుగు బారలు బాగానే ఈదారు. వెనక్కి తిరిగేటప్పుడు పిక్క పట్టేసింది. కాలు చాపబోతే రాలేదు, నేల కోసం తడిమితే అందలేదు. తల మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. అరుద్దామంటే నోట్లోకి నీళ్లు. ఉన్న బలమంతా కూడదీసుకుని కుడిచెయ్యి ఆకాశానికి ఎత్తారు. గడియారం ఆ చేతికే ఉంది.

గడియారం నీళ్లపైకి వచ్చింది. లోతు సున్నా అంటే తెర లెక్కలో క్షేమం. తెర పచ్చగా వెలిగింది.

"మన ప్రియతమ కమిషనర్ గారు సురక్షితంగా ఉపరితలానికి చేరుకుని ఉన్నారు! చెయ్యెత్తి మీ అందరికీ అభివాదం చేస్తున్నారు!" అని భానుమూర్తి మైకులో ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు తిరిగి చేతులూపారు.

వరహాలమ్మ ఊపలేదు. బస్సు ఆపమని ఎత్తే చెయ్యి వేరు, ఫుట్‌బోర్డు మీద పట్టుజారినవాడు ఎత్తే చెయ్యి వేరు. ఆ తేడా ఆవిడ ఎన్నోసార్లు చూసింది. "మునిగిపోతన్నాడ్రా బాబో! దానయ్యా, ఇటు తిరుగు!" అని బస్సు ఆపే గొంతుతో కేకవేసి, ట్యూబు నీళ్లలోకి విసిరింది. అది ఆయన పక్కన పడింది గానీ పట్టుకునే స్థితిలో ఆయన లేరు. మోకాళ్లు మొర్రోమంటున్నా లెక్కచెయ్యకుండా దూకింది. ట్యూబుని ముందుకి తోసుకుంటూ వెళ్లి, ఆయన వెనకవైపు చేరి, రెక్క పట్టి ట్యూబు మీదికి ఎత్తింది. అప్పటికి దానయ్య కూడా కుర్చీ తన్నేసి వచ్చి దూకాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని ఒడ్డుకి లాగి, రేవు మెట్లెక్కించి, పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఆయన దగ్గి దగ్గి నీళ్లు కక్కుకున్నారు. ఊపిరి నిలబడింది.

అంతసేపూ తెర పచ్చగానే ఉంది.

మర్నాడు వరహాలమ్మకి మూడో మెమో వచ్చింది. ఒకటి, గడియారం లేకుండా నీళ్లలో దిగినందుకు. రెండు, కమిషనర్ గారిని ఐదు మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆపకుండా పైకి తెచ్చినందుకు. మూడు, ఆ వెంటనే వారిని మెట్లెక్కించినందుకు. కార్డు ఎందుకు రద్దు చేయరాదో చెప్పుకోమని సైకిల్ స్టాండుకి పిలిచారు.

వరహాలమ్మ నిలబడింది. మోకాళ్లు సలుపుతున్నాయి. బల్ల వెనక కమిషనర్ గారు తల దించుకుని కూర్చున్నారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"భానుమూర్తి గారూ, ఈవిడ లేకపోతే నేను..." అన్నారు.

"సార్, తొందరపడకండి" అన్నాడు భానుమూర్తి. "గడియారం ప్రకారం ఆ సమయంలో తమరు ఉపరితలంపై క్షేమంగా ఉన్నారు. తమరు మునిగినట్టు రాస్తే గడియారం తప్పు చెప్పినట్టు. గడియారం తప్పయితే కొనుగోలు తప్పు. కొనుగోలు తప్పయితే..." ఆయన ఆపేశాడు. మిగతాది అందరికీ తెలుసు.

"అయితే నేను మునగలేదు" అన్నారు కమిషనర్ గారు నీరసంగా.

"మునగలేదు సార్. రికార్డు స్పష్టంగా ఉంది."

అప్పుడు వరహాలమ్మ గొంతు సవరించుకుంది. టికెట్టు తీసుకోకుండా తీసుకున్నానని వాదించేవాళ్లతో రోజూ వేగే మనిషి ఆవిడ. "మంచిదే బాబూ. మునగని మనిషిని నాను పైకెలాగ తెస్తాను? నీళ్లల్లోకి దిగనేదు, తేనేదు. దిగనప్పుడు గడియారం నేదని మెమో ఏటి? తేనప్పుడు మూడు నిమిషాలు ఆపనేదని మెమో ఏటి? మెట్లెక్కించీసినానని మెమో ఏటి?"

భానుమూర్తి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి తెరిచినా దారి కనిపించలేదు. కమిషనర్ గారు మునిగితే గడియారం పోతుంది, మునగకపోతే మెమో పోతుంది. ముప్పయ్యేళ్ల సర్వీసులో భానుమూర్తి ఇలాంటి చోట ఇరుక్కోలేదు. చివరికి, "సదరు సంఘటన జరగనందున, సదరు మెమో ఉపసంహరించడమైనది" అని రాసి కమిషనర్ గారి ముందు పెట్టాడు. ఆయన సంతకం చేశారు.

కార్డు దక్కింది. వరహాలమ్మకి సంతోషం కలిగింది గానీ ఒంటికి అంటలేదు. తను బతికించిన మనిషే ఎదురుగా కూర్చుని నువ్వు బతికించలేదు అని సంతకం పెడితే ఎవరికి మాత్రం బాధగా ఉండదు? ఇంటికి పోతూ దారిపొడుగునా ఆయన్ని తిట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ నీళ్లలో నడుస్తుండగా కమిషనర్ గారు వచ్చారు. తువ్వాలు భుజాన వేసుకుని అంచు దగ్గర నిలబడ్డారు. దిగలేదు. మొలలోతు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి మొహంలో పిల్లవాడి భయం. భానుమూర్తి దూరంగా కుర్చీలో ఉన్నాడని ఒకసారి చూసుకుని, వంగి మెల్లగా అడిగారు.

"అమ్మా, మీరు రోజూ ఎంతసేపు ఉంటారిక్కడ?"

"గంట ఉంటాను బాబూ. ఎందుకేటి?"

"నేనూ ఆ గంటే దిగుతాను. మీరు ఉన్నప్పుడే."

వరహాలమ్మకి తిట్టుకున్నదంతా గుర్తొచ్చింది, కోపం మాత్రం రాలేదు. "నాకు డ్యూటీలు మారతాయి. నాను నేని రోజున మరెవులైనా మునిగితే? దానయ్య మొహం ఇటు తిప్పించండి బాబూ. అది సేస్తే మీ పక్కనే ఉంటాను."

ఆయన తలూపారు. వెళ్లి తెర ఉన్న గదిలోంచి దానయ్యని స్వయంగా పిలుచుకొచ్చి, ఎత్తు కుర్చీ తుడిచి, అంచున వేయించారు. భానుమూర్తి లేచి, దానికి ఏ ఉత్తర్వు కింద అనుమతి అని అడిగాడు. "తర్వాత రాద్దాం" అన్నారు కమిషనర్ గారు.

అప్పుడు నీళ్లలో దిగారు. గడియారం చేతికే ఉంది, ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. రెండు బారలు ఈదడం, ఆగడం, తల తిప్పి వరహాలమ్మ ఉందా అని చూసుకోవడం. ఉందని చూశాకే ఇంకో రెండు బారలు.